ముత్తాత బర్మా పతకం, లార్డ్ రాబర్ట్స్ పతకాల వరస: తెలిసినవాళ్ళు చెప్పండి

బొబ్బిలి_పెట్టె · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం అండి. ఈ వేదికకి కొత్త. మా అమ్మ పుట్టిల్లు విజయనగరం. మొన్న సంక్రాంతికి పాత ఇనప్పెట్టె దించి సర్దుతుంటే చీర మడతలో చుట్టిన వెండి బిళ్ళ ఒకటి బయటపడింది. అమ్మకది కొత్తేం కాదు. "మా తాతకి రంగం యుద్ధంలో ఇచ్చారట, మా అమ్మ ఏటా భోగినాడు విభూది పెట్టి తోమేది" అంది. రంగం అంటే రంగూన్.

బిళ్ళకి ఒక పక్క విక్టోరియా రాణి. రెండో పక్క రెక్కలున్న స్త్రీ, కూర్చున్న యోధుడి తలమీద దండ పెడుతోంది. కింద తామరపూలు. పైన అడ్డంగా చిన్న వెండి పట్టీ, దానిమీద ఇంగ్లీషులో 'బర్మా 1885-7'. రిబ్బను పీలికలైపోయింది గానీ ఎరుపులో రెండు నీలం చారలు తెలుస్తున్నాయి. అంచుమీద ఏవో అక్షరాలున్నాయి, అరిగిపోయి చదవరావడం లేదు. 23 అన్న అంకె మటుకు కనబడుతోంది.

ఊళ్ళో వెండి దుకాణంలో చూపిస్తే కాటాలో వేసి, కరిగిస్తే ఇంత వస్తుందన్నాడు. గుండె గతుక్కుమంది. వెంటనే తీసుకుని వచ్చేశాను.

నెట్‌లో వెతుకుతుంటే లార్డ్ రాబర్ట్స్ అనే సేనాధిపతి ఫొటో కనబడింది. ఛాతీ నిండా పతకాలు. అందులో ఒకదానికి అచ్చు ఇదే రిబ్బను. అంత పెద్ద దొరకీ, మా ముత్తాతకీ ఒకే పతకం ఎలా వచ్చింది? ఎవరాయన?

---

నాణేల_సంచి · ఆదివారం, రాత్రి 10:25

బాబూ, ముందు ఒక్క మాట. ఇక దాన్ని తోమకండి. విభూది వద్దు, చింతపండు వద్దు, బజారులో దొరికే వెండి పాలిష్ అసలే వద్దు. మీ అమ్మమ్మగారు ప్రేమతోనే తోమారు, కానీ తోమినప్పుడల్లా అంచుమీది పేరు కాస్త కాస్త పోయింది. ఈ పతకానికి ప్రాణమంతా ఆ అంచులోనే ఉంది.

మీది ఇండియా జనరల్ సర్వీస్ మెడల్. 1854లో పెట్టారు. అంతకుముందు ఒక్కో యుద్ధానికి ఒక్కో పతకం కొట్టేవారు. మన సరిహద్దుల్లో ఏడాదికో దండయాత్ర జరుగుతున్న రోజుల్లో అది కుదరక, పతకం ఒకటే ఉంచి, ఏ పోరులో పాల్గొంటే ఆ పేరున్న పట్టీని దానిమీద తగిలించే పద్ధతి తెచ్చారు. మొదటి పట్టీ 'పెగు', అది రెండో బర్మా యుద్ధానిది. మొత్తం 24 పట్టీలు వచ్చాయి. నలభై ఏళ్ళ పైచిలుకు ఇదే పతకం నడిచింది.

సిపాయి నుంచి సేనాధిపతి దాకా వెండి ఒకటే, అచ్చు ఒకటే, రిబ్బను ఒకటే. ఇక మీ పట్టీ కాలం నుంచి ఇంకో సంగతి మొదలైంది. సైన్యం వెంట నడిచిన నీళ్ళు మోసేవాళ్ళు, డోలీ బోయీలు, పశువులు తోలేవాళ్ళు, వీళ్ళకి ఇదే అచ్చుతో కంచు పతకం ఇచ్చారు. మీది వెండి కాబట్టి మీ ముత్తాత తుపాకీ పట్టిన మనిషే.

రాబర్ట్స్ దొర పతకంలో ఇదే రిబ్బను మీద అంబేలా, లుషాయి, బర్మా 1885-7 పట్టీలు కనబడతాయి. ఆఖరిది మీదే.

అంచు చదవడానికి: చీకటి గదిలో పెట్టి, టార్చి లైటుని అంచుకి బాగా వాలుగా పట్టండి. పతకాన్ని మెల్లగా తిప్పుతూ పది పదిహేను ఫొటోలు తీయండి. ఆ రోజుల్లో నాజూకైన వాలు అక్షరాలతో చెక్కేవారు. నంబరు, హోదా, పేరు, పటాలం, ఆ వరసలో ఉంటాయి.

---

తిర్మల్‌గిరి_పిల్ల · సోమవారం, ఉదయం 7:15

రాబర్ట్స్ గురించి నేను చెప్త. మా నాయన మిలిటరీ ఆస్పత్రిల పనిచేసిండు, నేను పెరిగిందంత కంటోన్మెంటులనే. పాత రెజిమెంట్ల చరిత్ర చదువుడు నాకు చిన్నప్పటి నుంచి అలవాటు.

ఫ్రెడరిక్ స్లే రాబర్ట్స్ పుట్టింది మన దేశంలనే, కాన్పూర్‌ల, 1832 సెప్టెంబర్ 30 నాడు. తండ్రి అబ్రహాం రాబర్ట్స్ కంపెనీ సైన్యంల జనరల్. పసిగుడ్డుగ ఉన్నప్పుడు మెదడు జ్వరం వచ్చి కుడికన్ను చూపు పోయింది. మనిషి పొట్టి. అసుంటోడు 1851ల బెంగాల్ ఆర్టిలరీల చేరి, సైన్యమంతటికి కమాండర్-ఇన్-చీఫ్ అయిండు, ఫీల్డ్ మార్షల్ అయిండు. సిపాయిలు 'బాబ్స్' అని ముద్దుగ పిలుస్తుండిరి.

పతకాల వరస చెప్త వినుండ్రి. మొట్టమొదటిది 1857ది. తెల్ల రిబ్బను మీద రెండు ఎర్ర చారలు. పట్టీలు మూడు: ఢిల్లీ, లక్నో విముక్తి, లక్నో. ఢిల్లీ ముట్టడిల జూలై 14 నాడు ఈయన వీపుకు, వెన్నుపూస దగ్గర గుండు తగిలింది. ఎప్పుడు ముందటికి, పిస్తోలు పక్కన ఉండే తోలు సంచి ఆ రోజు ఎట్లనో జారి ఎనకకు పోయింది. గుండు ఆ సంచిల నుంచి పోయి జోరు తగ్గింది, మనిషి బతికిండు. ఆ సంచి జారకపోతే ఇయ్యాల మనం మాట్లాడే ఏ పతకం లేదు.

1858 జనవరి 2 నాడు ఖుదాగంజ్ కాడ ఇద్దరు సిపాయిలు జెండ పట్టుకొని ఉరుకుతుంటే గుర్రం మీద ఎంటపడ్డడు. వాళ్ళు తిరిగి తుపాకులు ఎత్తిన్రు. ఒకని తుపాకి ఈయన ముఖం మీదికే ఉన్నది, వాడు ట్రిగ్గరు లాగిండు గని పేలలే. ఆ జెండ గుంజుకున్నందుకు, అదే రోజు ఒక సవారును కాపాడినందుకు విక్టోరియా క్రాస్ ఇచ్చిన్రు, ధైర్యానికి ఇచ్చే అన్నిటికన్న పెద్ద పతకం. అది వెండి కాదు, బంగారం కాదు. కంచు. అయినా వరసల అన్నిటికన్న ముందు అదే ఉంటది.

---

అగ్గిపుల్ల · సోమవారం, ఉదయం 9:02

తిర్మల్‌గిరి అక్కా, మీరు చెప్పే తీరు బాగుంది గానీ నాకు మనసు ఒప్పడం లేదు. ఆ జెండా పట్టుకుని పరిగెత్తినవాళ్ళు ఎవరు? మన సిపాయిలే కదా. వాళ్ళ పేర్లు ఎక్కడైనా చెక్కారా? 1857లో తిరగబడ్డవాళ్ళని ఫిరంగి మూతికి కట్టి పేల్చారు. లాహోరులో అలా పేల్చడం ఈ రాబర్ట్స్ దగ్గరుండి చూశాడు. 1879లో కాబూల్‌లో ఇంగ్లీషు దూతని చంపారని అక్కడికి పోయి ఎంతమందిని ఉరి తీయించాడో, దానిమీద ఇంగ్లండులోనే గొడవయింది. అలాంటివాడి రిబ్బన్ల రంగులు మనం ఎందుకు లెక్కపెట్టుకోవాలి? చిన్నబుచ్చాలని కాదు, నిజంగానే అడుగుతున్నాను.

---

తిర్మల్‌గిరి_పిల్ల · సోమవారం, మధ్యాహ్నం 1:30

తమ్మీ, నువ్వు అడిగింది న్యాయమైన మాట. కాబూల్ ఉరికొయ్యల ముచ్చట నేను దాచ. అయితే పతకం అంటే నాకు మెచ్చుకోలు ఒక్కటే కాదు, అది ఒక కాగితం లాంటిది. ఏ తారీఖుల, ఏ ఊర్ల, ఎవలు ఎవల మీదికి పోయిన్రు అనేది దాంట్ల రాసి ఉన్నది. 1857 పతకం మీద 'ఢిల్లీ' అని చదివినప్పుడు నాకు ఆ గోడకు అటుపక్క ఉన్నోళ్ళు కూడ యాదికొస్తరు. ఆ జెండ మోసినాయన పేరు దొరకదు. అది నాకు ఇప్పటికీ బాధే. అందుకే బొబ్బిలి అన్న చేతిల ఉన్న బిళ్ళ మీది పేరు పోవద్దు అంటున్న.

---

మాజీ_శాపర్ · సోమవారం, రాత్రి 8:10

జై హింద్. మద్రాస్ శాపర్స్‌లో, అంటే సైన్యం ఇంజినీరు దళంలో, 24 ఏళ్ళు చేసి హవల్దారుగా దిగాను. మాది ప్రకాశం జిల్లా.

ఈ పట్టీల పద్ధతి తెల్లవాళ్ళతో పోలేదమ్మా. నా సైన్య సేవా మెడల్ మీద 'జమ్మూ కశ్మీర్' అని పట్టీ ఉంది. పతకాలు ఎలా వేసుకోవాలో, ఏది ముందో ఏది వెనకో రిక్రూటుగా ఉన్నప్పుడు వాయించి నేర్పారు. అందుకని ఒక ఫొటో చూస్తే ఆ మనిషి నౌకరీ అంతా వరసగా చదివేయొచ్చు.

రాబర్ట్స్ వరసలో నాకు బాగా పట్టేది ఒక నక్షత్రం. కంచుది, అయిదు కొసలు, పైన కిరీటం. చుట్టూ 'కాబూల్ టు కాందహార్ 1880' అని. రిబ్బను ఇంద్రధనుస్సులా ఎరుపులోంచి తెలుపు, పసుపు, మళ్ళీ తెలుపు, నీలంలోకి కరిగిపోతూ ఉంటుంది. అది ఎందుకిచ్చారో చెబుతాను.

1880 జూలై 27న మైవాంద్ దగ్గర అఫ్ఘాన్ నాయకుడు అయూబ్ ఖాన్ చేతిలో ఇంగ్లీషు బ్రిగేడు చితికిపోయింది. మిగిలినవాళ్ళు కాందహార్ కోటలో చిక్కుకున్నారు. రాబర్ట్స్ కాబూల్‌లో ఉన్నాడు. ఆగస్టు 9న బయల్దేరి 31న కాందహార్ చేరాడు. 300 మైళ్ళ పైమాట. పోరాడేవాళ్ళు సుమారు 10,000, వెనక అనుచరులు ఇంకో 8,000. బండ్లు లేవు. చక్రం తిరిగే దారి కాదని ఫిరంగులు కూడా కొండ తుపాకులే, విడదీసి జంతువుల మీద వేసుకెళ్ళారు. పగలు మాడ్చే ఎండ, తెల్లవారుజామున వణికించే చలి. నేను లడాఖ్‌లో రోడ్డు పనులు చేశాను కాబట్టి ఆ రెండూ ఒకే రోజులో వస్తే ఒంటికేమవుతుందో తెలుసు. పెదవులు పగిలి అన్నం నోట్లో పెట్టుకోలేం. నీళ్ళు ఎక్కడున్నాయో ముందురోజే ఒకడు వెళ్ళి చూసి రావాలి. పదివేల మందికి నీళ్ళంటే మాటలు కాదు.

దొరకి దారిలో జ్వరం తగిలింది. ఆఖరి రోజుల్లో డోలీలో మోశారు. కోట దగ్గరికి వచ్చాక లేచి గుర్రమెక్కి లోపలికి వెళ్ళాడు. మర్నాడు, సెప్టెంబర్ 1న, అయూబ్ ఖాన్ సేనని ఓడించి ఫిరంగులు పట్టుకున్నారు. ఆ ఫిరంగుల కంచు కరిగించే ఈ నక్షత్రాలు బర్మింగ్‌హామ్‌లో పోశారు.

ఆ డోలీ కింద భుజం పెట్టినవాళ్ళ సంగతి కూడా తలుచుకోవాలని నాకుంది. గుర్రమెక్కిన ఆ కాసేపే బొమ్మలకెక్కింది.

ఇదిగాక ఆ యుద్ధం మొత్తానికి అఫ్ఘానిస్తాన్ మెడల్ వేరే ఉంది. పచ్చ రిబ్బను, ఎర్ర అంచులు. రాబర్ట్స్‌కి దానిమీద నాలుగు పట్టీలు: పైవార్ కోతల్, చారాసియా, కాబూల్, కాందహార్.

మా శాపర్లు ఆయనతో పాటు అబిసీనియాలో కూడా ఉన్నారు, 1868లో. ఆయన అప్పుడు తీరాన జూలా రేవులో సరుకు దింపించే పని చూశాడు. ఆ పతకం చిన్నది, చూడ ముచ్చటగా ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చినవాటిలో పేరు అంచుమీద కాకుండా వెనకవైపు నట్టనడుమ ఉబ్బెత్తుగా పోశారు. ప్రతి బిళ్ళకీ అలా విడిగా చెయ్యాలంటే ఖర్చు చూడండి. మళ్ళీ ఎప్పుడూ అలా చెయ్యలేదు.

---

డబ్లిన్_గోదావరి · సోమవారం, రాత్రి 11:50

నమస్తే అండీ, మాది రాజోలు పక్క, ఇప్పుడు ఐర్లండులో ఉంటున్నాం. శాపర్ బాబాయి గారు కాబూల్ నుంచి కాందహార్ నడక గురించి రాశారు కదా, ఆ నక్షత్రం ఒక గుర్రానికి కూడా వచ్చింది. నిజం అండీ.

ఇక్కడ డబ్లిన్‌లో కిల్మైన్‌హామ్ అని పాత సైనికుల ఆశ్రమం ఉంది, ఇప్పుడది ఆధునిక కళల మ్యూజియం. పిల్లల్ని తోటకి తీసుకెళ్ళినప్పుడు ఒక మూల రాయి కనబడింది. చదివితే గుర్రం సమాధి! పేరు వొనొలెల్. రాబర్ట్స్ 1877లో బొంబాయిలో కొన్న తెల్లని అరబ్బీ గుర్రం. లుషాయి కొండల దండయాత్రకి వెళ్ళినప్పుడు విన్న ఒక ముఖ్యుడి పేరు దానికి పెట్టుకున్నాడు. అఫ్ఘాన్ యుద్ధమంతా దానిమీదే తిరిగాడు. విక్టోరియా రాణి దానికి నాలుగు పట్టీల అఫ్ఘానిస్తాన్ మెడల్, ఆ కంచు నక్షత్రం, తన జూబిలీ మెడల్ ఇచ్చిందట. మెడకి కట్టేవారు. రాబర్ట్స్ ఐర్లండు సేనాధిపతిగా వచ్చినప్పుడు గుర్రమూ వచ్చింది, 1899లో ఇక్కడే చనిపోయింది. మనం సాకిన మూగజీవాలు పైలోకంలో మనకి ఎదురొస్తాయని నమ్మేవాళ్ళున్నారంటూ రాతిమీద చిన్న పద్యం కూడా ఉంది.

మా అబ్బాయి "అమ్మా, ఇంత దూరం నడిచింది కాబట్టి ఇచ్చారా?" అన్నాడు. ఔనన్నాను. బాబాయి గారి డోలీ మాట చదివాక ఇప్పుడు ఆ రాయి ఇంకోలా కనబడుతోంది.

---

లైబ్రరీ_కిటికీ · మంగళవారం, సాయంత్రం 6:20

ఇంతమంది ఇన్ని సంగతులు రాశారు గానీ తెలుగువాళ్ళం తప్పక చెప్పుకోవలసిన భాగం ఇంకా రాలేదు. బొబ్బిలి గారు, ఇది చదివితే మీకు కష్టంగా ఉండొచ్చు. అయినా చెప్పాలి.

కాందహార్ తరవాత రాబర్ట్స్‌కి వచ్చిన ఉద్యోగం మద్రాసు సైన్యం కమాండర్-ఇన్-చీఫ్. 1881 నుంచి 1885 దాకా. మద్రాసు సైన్యం అంటే మనమే: సర్కారు జిల్లాల తెలుగువాళ్ళు, తమిళులు, దక్షిణాది ముస్లిములు. విజయనగరం, బళ్ళారి, సికింద్రాబాద్ దండులన్నీ దాని కిందివే. ప్రతి చలికాలం ఆయన ఈ దండులు తిరిగి చూశాడు. తరవాత 1897లో వచ్చిన ఆత్మకథలో తన తీర్పు రాశాడు. వీళ్ళ తాతల్లో ఉన్న పోరాట గుణం వీళ్ళలో ఉందేమోనని గట్టిగా వెతికాననీ, ఏళ్ళ తరబడి శాంతి, సుఖం వీళ్ళని మెత్తబరిచాయనీ, ఆ పాత చేవ చచ్చిపోయిందనీ, ఇక వీళ్ళని యుద్ధజాతుల మీదికి పంపడం గానీ దక్షిణ భారతం దాటించడం గానీ క్షేమం కాదనీ. అదీ ఆ మాటల సారం.

ఇది ఒక ముసలి దొర జ్ఞాపకాల్లో మాట అయితే వదిలేయొచ్చు. కానీ ఆయన 1885 నవంబరులో భారత సైన్యం అంతటికీ సేనాధిపతి అయ్యాడు, 1893 దాకా ఉన్నాడు. ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని మానెయ్యాలి అన్నది తన చేతికొచ్చింది. గూర్ఖాలు, సిక్కులు, పఠాన్లు, డోగ్రాలు 'యుద్ధజాతులు' అయ్యారు. మద్రాసు పటాలాల్లో కొన్ని 1882లోనే రద్దయ్యాయి, బర్మాలో ఉన్నవాటిలో కొన్నింటిని మద్రాసు మనుషుల్ని తీసేసి ఉత్తరాదివాళ్ళతో నింపారు. 10వ మద్రాసు పటాలం అలా మారి మారి చివరికి 10వ గూర్ఖా రైఫిల్స్ అయింది. మన ఊళ్ళలో 'మనకెక్కడి మిలిటరీ' అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించండి.

---

బొబ్బిలి_పెట్టె · మంగళవారం, రాత్రి 10:05

లైబ్రరీ గారూ, రెండుసార్లు చదివాను. అమ్మకి కూడా చదివి వినిపించాను.

నాకు అర్థమైంది ఇది. మా ముత్తాత రంగం వెళ్ళింది 1885 తరవాత. అంటే ఆ దొర మద్రాసు నుంచి లేచి వెళ్ళాక. దక్షిణం దాటిస్తే పనికిరారు అన్న మనుషుల్లో ఒకాయన సముద్రం దాటి వెళ్ళి పోరాడి వచ్చాడు, ఆయనకిచ్చిన బిళ్ళే ఆ దొర కూడా తన ఛాతీ మీద పెట్టుకున్నాడు. ఇది నిజమేనా, నేను ఎక్కువ ఊహించుకుంటున్నానా?

అమ్మ ఏమందో తెలుసా. "మీ ముత్తాత కాలు ఒకటి ఈడ్చి నడిచేవాడట, బర్మా అడవిలో ముల్లు దిగి కుళ్ళిందట, చేవ లేనోడు తిరిగి రాగలడా" అంది.

---

మాజీ_శాపర్ · బుధవారం, ఉదయం 6:00

నిజమే బాబూ, ఊహ కాదు. 1885 నవంబరులో ఐరావతి నది మీదుగా మాండలే పోయిన సేనకి నాయకుడు హారీ ప్రెండర్‌గాస్ట్. ఆయన మద్రాసు ఇంజినీర్ల మనిషి, అంటే మావాడు, ఆయనకీ విక్టోరియా క్రాస్ ఉంది. రెండు వారాల్లో మాండలే పడింది. బర్మా రాజు తీబాని ఓడెక్కించి మద్రాసు తెచ్చి కొన్నాళ్ళుంచి తరవాత రత్నగిరి పంపారు. 1886 జనవరి 1న బర్మాని కలిపేసుకున్నామని చాటారు.

అసలు యుద్ధం ఆ తరవాతే. రాజు పోయినా ఊళ్ళు లొంగలేదు. అడవిలో గుంపులుగా విరుచుకుపడేవారు. చిన్న చిన్న ఠాణాల్లో పది ఇరవై మంది చొప్పున కాపలా, వాన, మలేరియా, రక్త విరేచనాలు. గుండుకంటే జ్వరానికి పోయినవాళ్ళే ఎక్కువ. రాబర్ట్స్ అక్కడికి 1886 చివర్లో వచ్చి కొన్ని నెలలుండి వెళ్ళాడు. పట్టీ అందరికీ ఒకటే.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. చేవ చచ్చిందన్న మాట మా శాపర్ల విషయంలో ఎవరూ నిలబెట్టలేకపోయారు. అబిసీనియా, అఫ్ఘానిస్తాన్, బర్మా, ఆ తరవాత రెండు ప్రపంచ యుద్ధాలు, అన్నిచోట్లా మద్రాసు శాపర్లున్నారు. అదే ఊళ్ళ మనుషులే కదా వీళ్ళూ. ఒక కుటుంబంలో అన్న పటాలంలో, తమ్ముడు శాపర్లలో. అన్నకి చేవ లేదు, తమ్ముడికి ఉంది అంటే ఎలా కుదురుతుంది?

---

నాణేల_సంచి · బుధవారం, ఉదయం 10:40

శాపర్ గారి మాటకి నాదీ తోడు. అయితే రాబర్ట్స్ కళ్ళకి ఏం కనబడి అలా అనిపించిందో కూడా చూద్దాం. మద్రాసు పటాలాలకి దశాబ్దాల తరబడి పెద్ద పోరులు రాలేదు. పెళ్ళాం బిడ్డలతో దండు ఊళ్ళోనే కాపురాలు. పదోన్నతి వరస ప్రకారమే, అందువల్ల సుబేదార్లు ముసలివాళ్ళు. పతకం తెచ్చిపెట్టే యుద్ధాలన్నీ వాయవ్య సరిహద్దులో జరుగుతుంటే చురుకైన ఇంగ్లీషు ఆఫీసర్లు అటే పోయేవారు. రెండో అఫ్ఘాన్ యుద్ధానికి మద్రాసు దళాలు వెళ్ళాయి గానీ ఎక్కువగా వెనకదారుల కాపలాకే పెట్టారు. ముందుకి పంపకపోతే పతకాలు రావు, పతకాలు లేవు కాబట్టి పోరాటం రాదంటారు. సైన్యం నడిపిన తీరులో ఉన్న లోపాన్ని ఆయన మనుషుల రక్తంలో ఉన్న లోపంగా రాసేశాడు. అది నేను ఒప్పుకోను.

వెల్లింగ్టన్‌లో ఉన్న నేటి మద్రాస్ రెజిమెంటుకి అందుకే మధ్యలో ఖాళీ ఉంది. పాత పటాలాలు 1920ల్లో అంతరించి, రెండో ప్రపంచ యుద్ధం వచ్చి మనుషులు కావలసొచ్చాక మళ్ళీ లేపారు.

బొబ్బిలి గారు, మీ 23 అంకె 23వ మద్రాసు పదాతి దళం కావచ్చు. వాలాజాబాద్ లైట్ ఇన్ఫాంట్రీ అంటారు దాన్ని, 'బర్మా 1885-87' యుద్ధ గౌరవం ఉన్న పటాలమే. కానీ తొందరపడకండి. 23 అన్నది సిపాయి నంబరులో ముక్క కూడా కావచ్చు. అక్షరం చూశాకే.

---

డర్బన్_మేనకోడలు · బుధవారం, రాత్రి 9:30

అందరికీ దండాలు. మా పెద్దోళ్ళు చెరుకు తోటల కూలికి మద్రాసు రేవులో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నటాల్ వచ్చినవాళ్ళు. నా తెలుగు ఇంట్లో నేర్చుకున్నది, తప్పులుంటే మన్నించండి.

రాబర్ట్స్ ఆఖరి పెద్ద యుద్ధం మా దేశంలోనే. 1899 డిసెంబర్ 15న కోలెన్సో దగ్గర బోయర్లు, అంటే ఇక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతి రైతులు, ఇంగ్లీషువాళ్ళని చావగొట్టారు. ఒంటరిగా మిగిలిపోయిన ఫిరంగులు వెనక్కి తేవడానికి గుర్రాలతో దూకినవాళ్ళలో రాబర్ట్స్ ఒక్కగానొక్క కొడుకు ఫ్రెడ్డీ ఉన్నాడు. దెబ్బలు తగిలి రెండు రోజులకి పోయాడు. అతనికీ విక్టోరియా క్రాస్ ఇచ్చారు. తండ్రీ కొడుకులిద్దరికీ అది వచ్చిన జతలు చరిత్రలో మూడే. ముసలాయనకి కొడుకు పోయిన కబురూ, దక్షిణాఫ్రికా సేనకి నాయకుడివి నువ్వే అన్న కబురూ ఇంచుమించు ఒకేసారి అందాయి. 67 ఏళ్ళ వయసులో ఓడెక్కి వచ్చాడు.

ఇప్పుడు మా సంగతి. కోలెన్సోలో గాయపడ్డవాళ్ళని మోసిన ఇండియన్ అంబులెన్స్ దళం గాంధీ గారు పెట్టింది. దాదాపు 1,100 మంది. అందులో 800 మంది తోటల నుంచి వచ్చిన కూలివాళ్ళు, తమిళులు, తెలుగువాళ్ళు, బీహారీలు. లెఫ్టినెంట్ రాబర్ట్స్‌ని యుద్ధభూమి నుంచి మోసే గౌరవం తమ దళానికి దక్కిందని గాంధీ గారే రాశారు. స్ట్రెచర్ మోస్తూ రోజుకి ఇరవై మైళ్ళ దాకా నడిచారు.

యుద్ధం అయ్యాక పతకాలు దళం నాయకులకే వచ్చాయి. మోసిన కూలివాళ్ళకి రాలేదు. గాంధీ గారు తనది 1920లో తిరిగి ఇచ్చేశారు. మా ముత్తాత ఆ దళంలో ఉన్నాడని ఇంట్లో చెప్పుకుంటారు. మా దగ్గర బిళ్ళ లేదు, కాగితం లేదు. అందుకే బొబ్బిలి అన్నా, నీ చేతిలో ఉన్నది చూసి నాకు ఎంత ఆశగా ఉందో చెప్పలేను.

---

అగ్గిపుల్ల · గురువారం, ఉదయం 8:45

డర్బన్ అక్కా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

మొదట్లో ఈ చర్చ ఎందుకని అడిగింది నేనే. ఇప్పుడు నేనే ఒకటి చేరుస్తాను. రాబర్ట్స్ దక్షిణాఫ్రికా పతకం మీద ఆరు పట్టీలున్నాయి: కేప్ కాలనీ, పార్డెబర్గ్, డ్రీఫాంటైన్, జోహానెస్‌బర్గ్, డైమండ్ హిల్, బెల్‌ఫాస్ట్. 1900 ఫిబ్రవరి 27న పార్డెబర్గ్‌లో బోయర్ సేనాని క్రోన్యే లొంగిపోవడం, జూన్ 5న ప్రిటోరియా పట్టుకోవడం. ఆ రెంటి మధ్య బ్లూమ్‌ఫాంటైన్‌లో టైఫాయిడ్‌తో సైనికులు కుప్పలుగా పోయారు. బోయర్ల పొలాలు, ఇళ్ళు తగలబెట్టడం ఆయన హయాంలోనే మొదలైంది. దానికి పట్టీ లేదు. పతకం ఒక కాగితం అన్నారు తిర్మల్‌గిరి అక్క. ఔను, కానీ సగం కాగితమే. మిగతా సగం ఇలా నలుగురం కూర్చుని రాసుకోవాలి.

---

తిర్మల్‌గిరి_పిల్ల · గురువారం, మధ్యాహ్నం 2:10

మంచిగ చెప్పినవ్ తమ్మీ.

ఆయన చావు ముచ్చట కూడ రాస్త. 1914 నవంబర్. 82 ఏండ్లు. ఫ్రాన్స్‌ల మన సిపాయిలు కందకాల్ల ఉన్నరు, ఎముకలు కొరికే చలి. వాళ్ళను చూసి పలకరించొస్త అని పోయిండు. ఆ చలికి నిమోనియా వచ్చి 14 నాడు సెయింట్ ఓమేర్‌ల పానం పోయింది. లండన్ సెయింట్ పాల్స్‌ల పెట్టిన్రు. ఆయన విక్టోరియా క్రాస్, కొడుకుది, రెండూ లండన్ నేషనల్ ఆర్మీ మ్యూజియంల ఉన్నయి.

మన సిపాయిల మీద ఆయనకు ప్రేమ లేదని నేను అన. హిందుస్తానీ మాట్లాడేటోడు. ఆఖరికి వాళ్ళను చూడబోయే పానం ఇడిసిండు. కని మనల్ని ఆ లెక్కలకెల్లి తీసేసిండు. రెండూ అదే మనిషి.

బొబ్బిలి అన్నా, మద్రాసు సైన్యం పతకాల జాబితాలు లండన్ బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీసు రికార్డులల్ల ఉన్నయి. చెన్నై ఎగ్మోర్ ఆర్కైవ్స్‌ల మద్రాసు ప్రభుత్వం మిలిటరీ కాగితాలు చూడొచ్చు. పటాలం, నంబరు రెండూ చేతిలుంటే దొరికే ఆశ ఉన్నది. ఉత్త పేరుతోటి పోతే దొరకదు, అవే పేర్లు వందలమందికి ఉంటయి.

---

బొబ్బిలి_పెట్టె · శనివారం, రాత్రి 11:15

నాణేల సంచి గారు, మీరు చెప్పినట్టే చేశాను. కరెంటు తీసేసి, మా అబ్బాయి టార్చి పట్టుకున్నాడు, నేను బిళ్ళ తిప్పాను, మా ఆవిడ ఫోనులో తీసింది. నలభై ఫొటోలు. మొదట ఏమీ రాలేదు. లైటు బాగా కిందికి, బల్లకి ఆనించి పట్టాక నీడలో గీతలు లేచాయి.

23 నంబరులో ముక్క కాదు. దాని తరవాత 'మద్రాస్' సగం, 'ఇన్ఫాం' దాకా స్పష్టంగా ఉంది. నంబరు నాలుగంకెలు, మొదటిది అరిగిపోయింది, మిగతా మూడు దొరికాయి. పేరు ఇంగ్లీషువాడు విన్నట్టు రాశాడు గానీ అమ్మ వినగానే గుర్తుపట్టింది, ఇంటిపేరు లేదు. ఇక్కడ పెట్టను, ఏమీ అనుకోకండి.

పేరు ముందు హోదా ఉంది. మేమంతా సిపాయి అనుకున్నాం. 'ఎన్'తో మొదలై 'క్యూ' లాంటి అక్షరం, చివర 'ఈ'. మూడు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే 'నాయిక్'. శాపర్ గారు, మద్రాసు సైన్యంలో నాయక్‌ని అలాగే రాసేవారా?

అమ్మ ఇప్పుడే మేనమామకి ఫోను చేసి చెబుతోంది.

---

మాజీ_శాపర్ · శనివారం, రాత్రి 11:32

అలాగే రాసేవారు బాబూ. పాత కాగితాల్లో చూశాను. రెండు గీతల మనిషి. ఒక చిన్న ఠాణా, పది పన్నెండు మంది ఆయన చేతి కింద ఉండి ఉంటారు.

అమ్మగారికి నా సెల్యూట్ చెప్పండి. బిళ్ళని పాత చీరలోనే ఉంచండి, ఉతికిన నూలు బట్ట మంచిదే. ప్లాస్టిక్ కవరులో మాత్రం పెట్టకండి, చెమ్మ పడుతుంది. ఆ మూడంకెలు, పటాలం పేరు నాకు విడిగా పంపండి. వచ్చే నెల చెన్నై వెళ్ళే పనుంది, ఎగ్మోర్‌లో అడిగి వస్తాను.